కాలిపర్ కారుతోందా? ఆయిల్ పోసి సరిపెట్టకండి!

పొలానికి వెళ్లాలన్నా, పాలకేంద్రానికి క్యాన్లు చేర్చాలన్నా, మార్కెట్ యార్డుకు పోయి ధర కనుక్కోవాలన్నా ఇవాళ చిన్న రైతుకు మోటారు సైకిలే దిక్కు. వెనుక ఎరువు బస్తా, ఒక్కోసారి దాని మీద స్ప్రేయరు కూడా. ఇంత బరువుతో పోయే బండిని ఆపడంలో పెద్ద వాటా ముందు బ్రేకుదే. బ్రేకు వేయగానే బరువంతా ముందు చక్రం మీద పడుతుంది కదా! అలాంటి చోట నూనె తడి కనిపిస్తే చాలామంది పైన డబ్బాలో కాస్త ఆయిల్ పోసి, 'ఈ పంట గట్టెక్కనీ, తర్వాత చూద్దాం' అనుకుంటారు. అక్కడే వస్తుంది ముప్పు. కారుతున్న బ్రేకు ముందుగా చెప్పి ఫెయిలవదు. మార్చాల్సింది మాత్రం చాలాసార్లు రెండు రబ్బరు సీళ్లే.

ఎందుకు కారుతుంది?

హ్యాండిల్ దగ్గర బ్రేకు నొక్కితే మాస్టర్ సిలిండర్ ఆయిల్‌ను పైపు గుండా కిందికి నెడుతుంది. ఆ ఒత్తిడికి చక్రం దగ్గరున్న కాలిపర్‌లో పిస్టన్ కదిలి, ప్యాడ్లను డిస్క్‌కు అదుముతుంది. ట్రాక్టరు హైడ్రాలిక్ లిఫ్టుదీ ఇదే సూత్రం. పిస్టన్ చుట్టూ రెండు సీళ్లుంటాయి. లోపలిది ఆయిల్‌ను ఆపుతుంది, బ్రేకు వదిలాక పిస్టన్‌ను కాస్త వెనక్కి లాగేదీ అదే. బయటిది దుమ్ము, నీరు లోపలికి పోకుండా కాపలా కాస్తుంది.

దమ్ము మళ్ల బురద, ఎరువు పొడి, మందు తుంపరలు పిస్టన్ మీద చేరితే తుప్పు పడుతుంది. ఆ గరుకు సీలును కోస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు కూడా గట్టిపడుతుంది. స్ప్రేయరులో వాచరు అరిగితే మందు కారినట్టే ఇక్కడా ఆయిల్ కారుతుంది.

ముందు రోగం తేల్చుకోండి

ముందు చక్రం దగ్గర కనిపించే తడంతా బ్రేక్ ఆయిల్ కాదు. ఫోర్కు సీలు పోయినా నూనె పైనుంచి జారి కాలిపర్ మీద పడుతుంది. రెండు చుక్కలు నీళ్లలో వేసి చూడండి. బ్రేక్ ఆయిల్ నీళ్లలో కలిసిపోతుంది, ఫోర్కు ఆయిల్ పైన తేలుతుంది.

బ్రేక్ ఆయిలే అని తేలితే కాలిపర్‌ను పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, బ్రేకు గట్టిగా నొక్కి పట్టి చూడండి. పైపు బోల్టు దగ్గర తడి వస్తే వాచర్లు మార్చాలి. గాలి తీసే నిపుల్ దగ్గర వస్తే బిగించి చూడాలి, ఆగకపోతే కొత్తది వేయాలి. ప్యాడ్ వెనుక, పిస్టన్ చుట్టూ వస్తే సీళ్లు పోయినట్టే. ఎక్కడా తడి లేకుండా డబ్బాలో మట్టం మెల్లగా తగ్గుతుంటే ప్యాడ్లు అరిగాయేమో చూసుకోండి. బయట కారకుండానే, పట్టుకున్న బ్రేకు మెల్లగా లోపలికి దిగిపోతుంటే మాస్టర్ సిలిండర్ చూపించాలి.

సీళ్లు మార్చే పద్ధతి

మీ బండి మోడల్ చెప్పి సీల్ కిట్, పైపు బోల్టుకు కొత్త వాచర్లు, డబ్బా మూత మీద రాసి ఉన్న రకం బ్రేక్ ఆయిల్ కొనండి. చాలా బండ్లకు డాట్ 3 లేదా డాట్ 4 వాడతారు. సిలికాన్ రకమైన డాట్ 5 వీటితో కలపరాదు. సీలు తీయని కొత్త సీసానే తీసుకోండి, ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది.

కాలిపర్ విప్పి ప్యాడ్లు తీసేయండి. పైపు ఊడదీయక ముందే, కింద పళ్లెం పెట్టి బ్రేకును మెల్లమెల్లగా నొక్కితే పిస్టన్ దానంతటదే బయటికి వస్తుంది. పంక్చరు షాపు గాలి పెట్టి కొట్టించకండి. పిస్టన్ తూటాలా ఎగిరి వేళ్లు నలిపేస్తుంది.

పైపు విప్పాక పాత సీళ్లను సన్నని వెదురు పుల్లతో తీయాలి. స్క్రూడ్రైవరు వాడితే గాడి గీసుకుపోయి కొత్త సీలూ కారుతుంది. గాడిలోని తుప్పు, మట్టి పూర్తిగా పోవాలి. పిస్టన్ మీద గోరుతో రాసి చూడండి. గోరు తట్టుకునే గుంటలుంటే పిస్టన్ కూడా మార్చాల్సిందే. కొత్త సీళ్లకు, పిస్టన్‌కు కొత్త బ్రేక్ ఆయిల్ పూసి, వంకర పోకుండా చేత్తోనే నెట్టండి. కాలిపర్ జారే పిన్నులకు బ్రేకుల కోసం అమ్మే గ్రీజే పూయాలి. ఆయిల్‌లో తడిసిన ప్యాడ్లను కడిగి, కాల్చి మళ్లీ వేయకండి. కొత్తవే వేయాలి.

గాలి తీయందే పని పూర్తికాదు

పంపుసెట్టుకు గాలి పడితే నీళ్లు ఎత్తనట్టే, పైపులో గాలి ఉంటే బ్రేకు పట్టదు. కాలిపర్, పైపు బిగించి డబ్బా నింపండి. నిపుల్‌కు సన్నని తెల్ల పైపు తొడిగి, రెండో కొసను కాస్త బ్రేక్ ఆయిల్ ఉన్న సీసాలో ముంచండి. ఒకరు బ్రేకు నాలుగైదు సార్లు నొక్కి పట్టుకోవాలి. రెండోవారు నిపుల్ కొద్దిగా వదులుచేసి, వెంటనే బిగించాలి. ఆ తర్వాతే బ్రేకు వదలాలి. బుడగలు ఆగిపోయి, బ్రేకు గట్టిపడేదాకా ఇలాగే చేయాలి. మధ్యలో డబ్బా ఖాళీ అయితే మళ్లీ గాలి చేరుతుంది, జాగ్రత్త! సీసాలోకి దిగిన ఆయిల్ మళ్లీ పోయకండి.

ఇవి గుర్తుంచుకోండి

* బ్రేకు భాగాలను పెట్రోలు, కిరోసిన్, డీజిలుతో కడగరాదు. డబ్బాలో ఇంజన్ ఆయిల్ పోయరాదు. రబ్బరు ఉబ్బి పాడవుతుంది.
* బ్రేక్ ఆయిల్ రంగును తినేస్తుంది. ట్యాంకు మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి. పిల్లలకు అందనివ్వకండి.
* డిస్క్‌కు నూనె, గ్రీజు అంటనీయకండి.
* మామూలుగా రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిల్ మార్చించాలి.
* 125 సీసీ పైబడిన కొత్త బండ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి అయింది. అలాంటి బండి లైనులో గాలి చేరితే ఇంట్లో ప్రయత్నించకుండా, పరికరాలున్న వర్క్‌షాపులో చూపించడం మేలు.

పని అయ్యాక బ్రేకు గట్టిగా నొక్కి పట్టి, తడి లేదని చూసుకోండి. బస్తా గానీ, మనిషి గానీ ఎక్కకుండా ఖాళీ చోట నెమ్మదిగా నడిపి నాలుగైదు సార్లు బ్రేకు వేసి చూడండి. మర్నాడు పొద్దున మరోసారి తుడిచి చూడాలి.

పానా పట్టే అలవాటు లేనివారు ఈ పని మెకానిక్‌కే అప్పగించండి. కానీ కారుతున్న బండిని షాపు దాకా నడుపుకుంటూ పోవద్దు. ట్రాలీ ఆటోలో వేసుకెళ్లండి, లేదా మెకానిక్‌నే పిలిపించండి. ఆటో కిరాయి ఒకరోజు బరువే, బ్రేకు పడకపోతే ఆ నష్టం ఇంటిల్లిపాదీ మోయాల్సి వస్తుంది.