ఒకటే తీరం... ఎవరి కళ్లు వారివి!

డాలస్‌లో కూతురి దగ్గర ఆర్నెల్లుండి నరసరావుపేట తిరిగొచ్చిన పెద్దాయన్ని కదిపి చూడండి. 'ఏం దేశమండీ! వీధిలో పలకరించే మనిషే ఉండడు' అంటారు. లోపల్నుంచి ఆవిడ అందుకుంటారు: 'హాయిగా ఉంది. హారన్ల మోత లేదు, దుమ్ము లేదు'. ఇద్దరూ ఉన్నది ఒకే ఇంట్లో!

మన దగ్గరకొచ్చిన పరదేశీలదీ ఇదే వరస. ఇప్పుడు పత్తి, మిరప పండుతున్న గుంటూరు, ప్రకాశం నేల గురించి వాళ్లు రాసినవి పక్కపక్కన పెట్టి చదివితే, ఇదంతా ఒకే ప్రాంతమేనా అనిపిస్తుంది.

ఏడో శతాబ్దంలో వచ్చిన చైనా భిక్షువు హ్యుయన్‌త్సాంగ్ వెతుక్కున్నది బౌద్ధాన్ని. అందుకే ధాన్యకటకంలో ఆయనకు ముందుగా కనిపించినవి పాడుబడ్డ ఆరామాలు. ఇరవై దాకా మాత్రమే మిగిలాయని రాశాడు. అది మన ధరణికోట, అమరావతి ప్రాంతమేనని ఎక్కువమంది చరిత్రకారుల మాట. నేల సారవంతమైనదట, జనానికి కోపం ఎక్కువట, చదువంటే మాత్రం గౌరవమట! కోపాన్ని మిరపకాయ మీదకు నెట్టేద్దామంటే కుదరదు. అప్పటికి మిరప మన దేశానికే రాలేదు. అమెరికా ఖండంలో పుట్టిన ఆ పంట పోర్చుగీసుల వెంట ఇటొచ్చింది.

పదమూడో శతాబ్దం చివర్లో మార్కోపోలో కథ వేరు. వెనిస్ వర్తకుల ఇంటి బిడ్డ కదా, చూపంతా సరుకు మీదే. 'ముత్‌ఫిలి' అని ఆయన రాసింది మన మోటుపల్లినే. ఇక్కడి బట్ట సాలెగూడంత సన్ననిదనీ, దాన్ని కట్టుకోవడానికి ఇష్టపడని రాజూ రాణీ ఉండరనీ మెచ్చుకున్నాడు. పాముల లోయలోకి మాంసం ముక్కలు విసిరితే, వాటికి అంటుకున్న వజ్రాలను గద్దలు పైకి తెస్తాయనీ రాశాడు. సింద్‌బాద్ కథల్లోనూ ఉన్న ముచ్చటే ఇది! రాజ్యమేలే రాణి న్యాయాన్ని పొగుడుతూ, ఆమె చనిపోయిన రాజుగారి భార్య అన్నాడు. ఆమె రుద్రమదేవి అయితే, గణపతిదేవుడి భార్య కాదు, కూతురు.

ఆ గణపతిదేవుడే 1244లో మోటుపల్లిలో అభయ శాసనం వేయించాడు. అంతకుముందు తుపానుకు ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని సరుకంతా రాజులదే. ఆ పద్ధతి ఇక ఉండదనీ, ప్రాణాలకు తెగించి సముద్రం దాటే వర్తకుల దగ్గర నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోమనీ మాటిచ్చాడు. నన్నడిగితే, మార్కోపోలో పొగడ్తకు పునాది ఈ రాతే.

పదిహేడో శతాబ్దంలో మచిలీపట్నంలో పనిచేసిన ఇంగ్లీషు కంపెనీ ఉద్యోగి విలియం మెథ్వోల్డ్ రాతలు చదివితే ఆ అభయం ఛాయ కూడా కనపడదు. గోల్కొండ పాలనలో పదవులు వేలంలో పాడుకుని, పెట్టిన సొమ్ము రైతుల దగ్గర పిండుకునే అధికారులు ఉంటారు. ఆయన కూడా వర్తకుడే. చిరివేరుతో బట్టలకు అద్దే ఎరుపును గమనించడం మాత్రం మరిచిపోలేదు.

ఓడలు మానేసిన మోటుపల్లి ఇప్పుడు చినగంజాం మండలంలో ఓ చిన్న ఊరు. 2022లో ప్రకాశం నుంచి బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. అక్కడి వీరభద్రస్వామి గుడి మండప స్తంభం మీద సుంకాల పట్టీ చెక్కి ఉంది. చందనం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, ఏనుగు దంతం... కారానికి మాత్రం మిరియాలే!