మీరాలం చెరువూ, వాగు దారీ

పురానాపూల్ దాటి దక్షిణానికి వస్తే బహదూర్‌పురా. ఇక్కడి నేల మూసీ వైపు వాలి ఉంటుంది. ఆ వాలున పారే ఒక చిన్న వాగుకు అడ్డుకట్ట వేయగా నిలిచిందే మీరాలం చెరువు.

హైదరాబాద్ కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. ఈ రాయి నీటిని పీల్చదు. నీరు దిగేదల్లా పగుళ్లలోకే. పగులు వెంబడి రాయి మెత్తబడి మొరమవుతుంది, మొరం కొట్టుకుపోయి పల్లమవుతుంది, ఆ పల్లమే వాగుదారి. పగుళ్ల మధ్య చెక్కుచెదరని రాయి గుండ్లై బయటపడుతుంది. ఇక్కడి గుట్టలకూ వాగుల మలుపులకూ మూలం ఒకటే. పైన మట్టి పలుచన, మొరం దాచుకునే నీరూ కొంతే. అందుకే ఇలాంటి వాగులు వానాకాలంలో పొంగి, సంక్రాంతికి సన్నబడి, ఎండాకాలానికి ఇంకిపోతాయి. ఆ నాలుగు నెలల నీటిని పట్టుకోవడానికే తెలంగాణలో అన్ని చెరువులు తవ్వారు.

వాటిలో మీరాలం కట్ట తీరే వేరు. నిజాం దివాను మీర్ ఆలం హయాంలో 1804లో మొదలై 1806లో పూర్తయిన ఈ కట్ట మట్టిది కాదు. వరసగా 21 రాతి కమానులు, గుమ్మం మీది కమానును నేల మీద పడుకోబెట్టినట్టు, ఉబ్బు నీటి వైపు ఉండేలా కట్టారు. నీరు నెట్టే కొద్దీ ఆ బలం వంపు వెంట పాకి అటూ ఇటూ ఉన్న దిమ్మెలకు చేరుతుంది. రాయిని లాగితే విరుగుతుంది గాని, నొక్కితే ఎంతో ఓర్చుకుంటుంది. ఈ గుణాన్ని నమ్ముకుని కట్టిన గోడ రెండు వందల ఏళ్లు దాటినా నిలిచి ఉంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ రాకముందు నగరానికి మంచినీళ్లిచ్చిన ముఖ్యమైన చెరువు ఇది.

చెరువు పక్కనే 1963లో జూపార్కు తెరిచారు కాబట్టి ఆ మేరకు గుండ్లూ చెట్లూ మిగిలాయి. మిగతా చోట్ల వాలంతా ఇళ్లే. వాన మట్టి మీద పడితే కొంత ఇంకి, మిగిలింది నెమ్మదిగా కదులుతుంది. సిమెంటు మీద పడితే ఒక్కసారే ఉరుకుతుంది. వాన అంతే అయినా, నాలాగా మారిన వాగులో వరద తొందరగా, ఎత్తుగా వస్తుంది. 2020 అక్టోబరులో దగ్గర్లోని పల్లె చెరువు కట్ట తెగి బస్తీలు మునిగాయి. మీరాలం పొంగినప్పుడు జూ సఫారీలోకి నీళ్లు చేరిన సందర్భాలూ ఉన్నాయి.

నాలాను లోతు చేద్దామంటే చాలాచోట్ల కొద్ది అడుగులకే రాయి తగులుతుంది. ఏటా పూడిక తీస్తే చాలదు. గట్ల వెంట వెడల్పు వదలాలి, ఇంకా కట్టని చోటనైనా.