థైరాయిడ్ తక్కువున్నదని అయోడిన్ చుక్కలు తాగుతరా?

ఫోన్ తెరిస్తే చాలు, ఎవలో ఒకలు చిన్న గోధుమరంగు సీస పట్టుకొని కనవడ్తరు. "థైరాయిడ్ గోలి జిందగంత మింగుడెందుకు? రోజుకు రెండు చుక్కల అయోడిన్ నీళ్లల్ల ఏసుకొని తాగుండ్రి, గోలి బంద్ పెట్టుండ్రి" అంటరు. ఇంట్ల అమ్మకో, అక్కకో, వదినకో థైరాయిడ్ ఉంటది. ఆమె ఆ వీడియో చూడకపోవచ్చు. చూసి, పాపం ఆమెకు మంచిగైతదని ఆ సీస ఆర్డర్ పెట్టేది ఫోన్ చేతుల ఉన్న మనమే. అందుకే ఈ ముచ్చట మీతోనే చెప్పాలె.

ఆ మాట ఎందుకు నమ్మబుద్ధైతదంటే, దాంట్ల సగం నిజమున్నది. గొంతు ముంగట సీతాకోకచిలుక తీరుగ ఉండే థైరాయిడ్ గ్రంథి హార్మోన్ తయారు చెయ్యాలంటే అయోడిన్ కావాలె. టీ ఫోర్ అనే హార్మోన్‌ల నాలుగు అయోడిన్ అణువులుంటయి, టీ త్రీల మూడుంటయి. తిండిల అయోడిన్ లేకుంటె గ్రంథి ఉబ్బుతది, గొంతు కాడ గడ్డ లెక్క దిగుతది. కడుపుతోని ఉన్న తల్లికి అయోడిన్ అందకుంటె పుట్టే బిడ్డ మెదడు ఎదగదు.

ఇది మన దేశంల చిన్న సమస్య కాదు. హిమాలయాల కింద ఊర్లకు ఊర్లే గొంతు వాపుతోని బతికినయి. శ్రీకాకుళంల పుట్టి, విశాఖపట్నంల డాక్టర్ చదివిన వులిమిరి రామలింగస్వామి గారు 1956ల కాంగ్రా లోయల పని మొదలువెట్టిండ్రు. కొన్ని ఊర్లకు అయోడిన్ కలిపిన ఉప్పు, ఇంకొన్ని ఊర్లకు మామూలు ఉప్పు ఇచ్చి ఏండ్ల తరబడి చూసిండ్రు. అయోడిన్ ఉప్పు తిన్న ఊర్లల్ల పిల్లల గొంతువాపులు తగ్గుకుంట వచ్చినయి. ఇప్పుడు మనం కిరాణం దుకాణంల ఏమీ ఆలోచించకుంట కొనుక్కునే ఉప్పు ప్యాకెట్ ఎనుక అంత కథ ఉన్నది. 1962ల సర్కారు గాయిటర్ నివారణ కార్యక్రమం పెట్టింది. 2006 నుంచి అయోడిన్ లేని ఉప్పును తినేటందుకు అమ్ముడు దేశమంతట బంద్.

ఇగ లెక్క చూడుండ్రి. పెద్ద మనిషికి రోజుకు కావాల్సిన అయోడిన్ 150 మైక్రోగ్రాములు. గ్రాముల పదివేల వంతు కంటె జెరంత ఎక్కువ, అంతే. మన చేతికొచ్చే ఉప్పుల కిలోకు కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలె అని రూలు. అంటే పది గ్రాముల ఉప్పుల 150 మైక్రోగ్రాములు. ఫ్యాక్టరీల అంతకంటె ఎక్కువే కలుపుతరు. పాలు, గుడ్లు, చాపలల్ల ఇంకింత వస్తది. ప్యాకెట్ ఉప్పు తినే ఇంట్ల అయోడిన్ కరువు ఉండుడు తక్కువ.

మరి అయోడిన్ అందుతుంటే థైరాయిడ్ ఎందుకు పడిపోతున్నది? ఎక్కువ మందిల కారణం వేరే. 1912ల జపాన్ డాక్టర్ హకారు హషిమోటో ఈ జబ్బు గురించి మొదటిసారి రాసిండు, ఆయన పేరే దానికి పెట్టిండ్రు. ఒంట్ల రోగాలతోని కొట్లాడాల్సిన రక్షణ శక్తి దారి తప్పి సొంత థైరాయిడ్ మీదనే పడ్తది. ఏండ్లకేండ్లు మెల్లగ దాన్ని పాడుచేస్తది. ఆడోళ్లల్ల ఇది మస్తు ఎక్కువ. బాయి కాడ మోటర్ వైండింగ్ కాలిపోయిందనుకోండ్రి. కరెంటు ఇంకింత ఎక్కువిస్తె నీళ్లు వోస్తదా? ఇక్కడ గ్రంథి దెబ్బతిన్నది, సామాను తక్కువై కాదు.

దెబ్బతిన్న గ్రంథి మీద అయోడిన్ గుమ్మరిస్తె ఏమైతది? ఒక్కపారే ఎక్కువ అయోడిన్ వస్తె థైరాయిడ్ హార్మోన్ చేసుడు కొద్ది రోజులు ఆపేస్తది. వూల్ఫ్, చైకాఫ్ అనే ఇద్దరు 1948ల చూపించిన సంగతి ఇది. మంచిగున్న గ్రంథి మల్ల సర్దుకుంటది. హషిమోటో పట్టిన గ్రంథి చాన సార్లు సర్దుకోలేదు, ఇంకింత మందగిస్తది. చైనాల మూడు ప్రాంతాల జనాన్ని కొన్నేండ్లు గమనించి 2006ల ఒక పరిశోధన అచ్చేసిండ్రు. అయోడిన్ మరీ ఎక్కువ తినే కాడనే థైరాయిడ్ మందగించుడు, ఈ రక్షణ శక్తి తిరగబడే జబ్బు ఎక్కువ కనవడ్డయి. సీసల అమ్మే లూగోల్ ద్రావణం, ఐదు శాతంది అయితే, ఒక్క చుక్కల ఆరు మిల్లీగ్రాములకు పైనే అయోడిన్ ఉంటది. అంటే నలభై రోజులది ఒక్క చుక్కల. రెండు చుక్కలు రోజూ ఏసుకొమ్మని చెప్పెటోనికి ఈ లెక్క తెల్వదా అంటే, తెలిసినా చెప్పడు, అమ్ముకోవాలె గదా. సముద్రపు నాచు క్యాప్సూల్‌లు ఇంకో రకం. ఒక్కో దాంట్ల ఎంత అయోడిన్ ఉన్నదో చెప్పుడే కష్టం.

దీనికి ఉల్టా వీడియోలూ ఉన్నయి. "థైరాయిడ్ ఉన్నోళ్లు అయోడిన్ ఉప్పు తినొద్దు, సైంధవ లవణం తినుండ్రి" అని. గదీ తప్పే. ఆ గులాబీ ఉప్పుల, కలపని దొడ్డుప్పుల పనికొచ్చేంత అయోడిన్ ఉండది. పచ్చళ్లకు దొడ్డుప్పు ఏసుకుంటె ఏంగాదు గని, రోజు కూరలకు అదే వాడితే ఇంట్ల నీళ్లోసుకున్న ఆడబిడ్డకు, పాలిచ్చే తల్లికి కరువైతది. వాళ్లకు రోజుకు 250 మైక్రోగ్రాముల దాక కావాలె. మామూలు ప్యాకెట్ ఉప్పు, మూతున్న డబ్బల, తడి తగలకుంట. గంతే.

అసలు ఊర్లల్ల ఎక్కువ నష్టం చేస్తున్నది అయోడిన్ కూడ కాదనిపిస్తది నాకు. మంచి గోలీలను తప్పు టైంల మింగుడు. థైరాయిడ్ తక్కువున్నోళ్లకు ఇచ్చేది లెవోథైరాక్సిన్, అంటే గ్రంథి చెయ్యలేని హార్మోన్‌నే బయటికెల్లి ఇచ్చుడు. అది పేగులల్లకెల్లి ఒంట్లకు ఎక్కాలంటే కడుపు ఖాళీ ఉండాలె. పొద్దుగాల లేవంగనే ఉత్త నీళ్లతోని మింగి, అరగంట నుంచి గంట దాక చాయ్ సుత ముట్టొద్దు. ఇది చాన మందికి తెలుసు. తెల్వనిది ఏందంటే, ఐరన్, కాల్షియం గోలీలు ఈ మందును పేగులల్లనే పట్టుకొని ఆపేస్తయి. నాలుగు గంటల ఎడం ఉండాలె. గ్యాస్‌కు తాగే తెల్ల సిరప్ సుత అంతే.

ఇది ఎక్కువ ఎవలకు తాకుతదో ఆలోచించుండ్రి. కడుపుతోని ఉన్నామెకు ఏఎన్‌ఎం మేడం, ఆశా అక్క ఐరన్ గోలి ఇస్తరు, కాల్షియం ఇస్తరు. అవి తప్పకుంట మింగాలె, రక్తం తక్కువైతె ప్రాణం మీదికొస్తది. ఆమెకు థైరాయిడ్ గోలి కూడ ఉంటె, మర్చిపోతనేమో అని మూడూ కలిపి పొద్దుగాలనే ఒక గుక్కల మింగుతది. ఏదీ బంద్ పెట్టకుంట రోజూ మింగినా టీఎస్‌హెచ్ దిగది. మొదటి మూడు నెలలు బిడ్డకు సొంత థైరాయిడ్ పనిచెయ్యది, తల్లి హార్మోనే దిక్కు. ఆరింటికి థైరాయిడ్ గోలి అనుకుంటె, ఐరన్ పదింటి తర్వాత, కాల్షియం మధ్యాహ్నం బువ్వతోని, రాత్రి బువ్వతోని. ఐరన్‌కు కాల్షియంకు నడుమ కూడ రెండు గంటలు ఉండాలె. ఇంట్ల ఫోన్ ఉన్న తమ్ముడు మూడు అలారాలు పెడితె అయిపోయే పని. కడుపుతోని ఉన్నదని తెలిసిన రోజే డాక్టర్‌కు థైరాయిడ్ సంగతి చెప్పాలె, చాన మందికి డోసు పెంచాల్సి వస్తది.

థైరాయిడ్‌ల జుట్టు ఊడుతది కాబట్టి జుట్టు గోలీలు కూడ మొదలువెడ్తరు. దాంట్ల బయోటిన్ ఉంటది. రోజుకు 30 మైక్రోగ్రాములు చాలు, గోలిల అయిదువేలు, పదివేలు ఉంటది. బయోటిన్ థైరాయిడ్‌ను ఏమనది, కని ల్యాబ్ మిషన్లను మోసం చేస్తది. టీఎస్‌హెచ్ ఉన్నదాని కంటె తక్కువ, టీ ఫోర్ ఎక్కువ చూపియ్యవచ్చు. డాక్టర్ ఆ కాయితం చూసి "డోసు ఎక్కువైంది" అని తగ్గిస్తె, మనిషి ఇంకింత నీరసపడ్తది. రక్తం ఇచ్చేటందుకు కనీసం రెండు రోజుల ముందు ఆ గోలి ఆపాలె, ల్యాబ్‌ల కూడ చెప్పాలె.

సెలీనియం గురించి కూడ అడుగుతరు. రోజుకు 55 మైక్రోగ్రాములు చాలు, 400 దాటితె విషం. ఎక్కువైతె మొదలు ఊడేది జుట్టే. డాక్టర్ చెప్పంది జోలికి పోవద్దు. "థైరాయిడ్ బూస్టర్" అని అమ్మేటియి అన్నిటికంటె ఘోరం. అమెరికాల పది రకాల గోలీలను పరీక్షించి 2013ల అచ్చేస్తె, తొమ్మిదింట్ల అసలు థైరాయిడ్ హార్మోనే దొరికింది. మింగినోళ్లకు పానం హుషారైతది మరి, ఎందుకు కాదు. గుండె దడ కూడ అట్లనే మొదలైతది. అశ్వగంధ కూడ కొందరిల హార్మోన్ పెంచుతది, తింటుంటె డాక్టర్‌కు చెప్పుండ్రి.

డోసు మారినా, టైం మారినా, ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ మల్ల చూపిచ్చుకోవాలె, అంతకు ముందు చూస్తె పూర్తి సంగతి తెల్వకపోవచ్చు. సర్కారు డయాగ్నస్టిక్ హబ్‌లల్ల ఈ పరీక్షకు పైసలు తీస్కోరు, పీహెచ్‌సీల రాయించుకుంటె సాలు. పొయ్యేటప్పుడు ఇంట్ల ఉన్న గోలీలు, సీసలు, పొడులు, ఆన్‌లైన్‌ల తెప్పిచ్చినయి సుత, అన్నీ ఒక సంచిల ఏసుకొని పోయి డాక్టర్ టేబుల్ మీద గుమ్మరించుండ్రి.