బిడ్డ ఒకే పని మళ్లీ మళ్లీ చేస్తుంటే

కొందరు పిల్లలు చేతులు ఒకటే పనిగా ఆడిస్తుంటారు. కొందరు కూర్చున్న చోటే ముందుకూ వెనక్కూ వూగుతుంటారు. ఒక బిడ్డ బొమ్మ బండిని నడపడు. దాన్ని తిరగేసి చక్రం తిప్పుతూ చాలాసేపు చూస్తాడు. ఇంకో బిడ్డకు రోజూ అదే గిన్నెలో అన్నం పెట్టాలి. గిన్నె మారిస్తే ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లుతుంది.

ఇరుగుపొరుగు ఏమంటారు? "గాలి సోకింది" అంటారు. "మొండి ఘటం" అంటారు. "తల్లి గారాబం చేసి చెడగొట్టింది" అంటారు. తాయెత్తు కడతారు. కొన్ని చోట్ల వాతలు కూడా పెడతారు. దీనివల్ల బిడ్డకు నొప్పి మిగులుతుంది. తల్లికి నింద మిగులుతుంది.

ఇది ఏమిటి?

ఈ పనులతో పాటు మరికొన్ని గుర్తులు కూడా వుంటే అది ఆటిజం కావచ్చు. పేరు పెట్టి పిలిస్తే బిడ్డ తిరిగి చూడడు. కావలసింది వేలితో చూపించడు. మాట ఆలస్యంగా వస్తుంది, లేదా వచ్చిన మాట పోతుంది. ఇలాంటివి కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. వూగినంత మాత్రాన ఆటిజం అనుకోకూడదు. మామూలు పసిపిల్లలు కూడా కొంతకాలం అలా చేస్తారు.

1943 లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు ఆటిజం గురించి మొదటిసారి వివరంగా రాశాడు. తల్లి ప్రేమ చూపకపోతే ఇది వస్తుందని ఒకప్పుడు కొందరు డాక్టర్లే అన్నారు. అది తప్పని తేలింది. ఆటిజం వున్న బిడ్డ మెదడు పుట్టుక నుంచే వేరే తీరుగా ఎదుగుతుంది. ఇందులో తల్లి తప్పు లేదు. టీకాల వల్ల కూడా ఇది రాదు. దీన్ని పూర్తిగా పోగొట్టే మందు లేదు. "మా దగ్గర మందు వుంది" అని ఎవరైనా డబ్బు అడిగితే నమ్మకండి.

బిడ్డ ఎందుకు అలా చేస్తాడు?

ప్రతి పనికీ ఒక కారణం వుంటుంది. కొందరికి వూగితే హాయిగా వుంటుంది. కొందరు పెద్ద శబ్దానికి బెదిరి వూగుతారు. కొందరు ఇష్టం లేని పని తప్పించుకోవడానికి తల కొట్టుకుంటారు. ఇంకొందరు "నన్ను చూడండి" అని చెప్పలేక అలా చేస్తారు. నోటితో చెప్పలేనిది ఒంటితో చెబుతారన్న మాట.

అందుకే కొడితే లాభం లేదు. కారణం అలాగే వుంటుంది. ఒక పని మానిపిస్తే ఇంకో పని మొదలవుతుంది.

నోటు పుస్తకంలో మూడు గళ్లు

కారణం కనిపెట్టేది ఎలా? ఇక్కడే చదువు అక్కరకు వస్తుంది. ఒక నోటు పుస్తకం తీసుకోండి. మూడు గళ్లు గీయండి. ముందు ఏం జరిగింది? బిడ్డ ఏం చేశాడు? తర్వాత ఏం జరిగింది? ఈ మూడూ రాయండి. పెద్ద పెద్ద మాటలు అక్కరలేదు. ఇట్లా రాస్తే చాలు:

ముందు: మిక్సీ వేశాము. బిడ్డ: చెవులు మూసుకొని వూగాడు. తర్వాత: మిక్సీ ఆపాము. తగ్గింది.

ముందు: పలక పట్టుకోమన్నాము. బిడ్డ: తల గోడకు కొట్టుకున్నాడు. తర్వాత: పలక తీసేశాము. మానేశాడు.

ఒక వారం రాస్తే కారణం కనబడటం మొదలవుతుంది. మొదటి దానికి కారణం శబ్దం. కాబట్టి మిక్సీ వేసే ముందు బిడ్డను బయటికి పంపితే సరిపోతుంది. రెండో దానికి కారణం పలక. అప్పుడు "చాలు" అని చేత్తో చూపించడం నేర్పాలి. మొదట పలక మీద రెండు గీతలే గీయించాలి. బిడ్డ "చాలు" అని చూపగానే ఆపాలి, మెచ్చుకోవాలి. తల కొట్టుకోనక్కర లేదని, చెయ్యి చూపితే చాలని బిడ్డకు తెలుస్తుంది. తర్వాత గీతలు మెల్లగా పెంచవచ్చు.

గిన్నె సంగతి కూడా అంతే. ఒక్కసారిగా మార్చవద్దు. మొదట కొత్త గిన్నె పక్కన పెట్టండి. కొన్నాళ్లకు అందులో ఒక్క ముద్ద పెట్టండి.

అన్నీ మానిపించాలా?

అక్కరలేదు. చేతులు ఆడిస్తే ఎవరికీ నష్టం లేదు. ఆ బిడ్డకు అదే ఊరట. తనను కొరుక్కోవడం, తల కొట్టుకోవడం, తిండికీ నిద్రకూ చదువుకూ అడ్డు వచ్చేవి, ఇవే ముందు చూడాలి. ఒకసారికి ఒక్కటే పట్టుకోవాలి.

తల కొట్టుకుంటుంటే మధ్యలో దిండు పెట్టండి. కట్టేయవద్దు. ఇది కొత్తగా మొదలైతే చెవి పోటో, పంటి నొప్పో వుందేమో డాక్టరుకు చూపించండి. ఫిట్స్ వస్తే వెంటనే తీసుకుపోండి.

దూరాన వున్న నిపుణులు ఫోనులో

యర్రగొండపాలెం నుంచి ఒంగోలుకు వంద కిలోమీటర్లకు పైనే. మేధో వికలత్వం వున్నవారి కోసం 1984 లో పెట్టిన జాతీయ సంస్థ సికింద్రాబాదులో వుంది. మిరప కోతల రోజుల్లో కూలి మానుకొని వారం వారం ఎవరు పోగలరు?

అందుకే తల్లిదండ్రులకే నేర్పే పద్ధతి వచ్చింది. గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ 65 మంది పిల్లలతో దీన్ని పరీక్షించారు. ఫలితాలు 2016 లో అచ్చయ్యాయి. అక్కడ డాక్టర్లు కాని కార్యకర్తలే శిక్షణ పొంది ఇళ్లకు వెళ్లి నేర్పారు. తల్లిదండ్రులు బిడ్డ తీరును బట్టి మెలగడం పెరిగింది. బిడ్డలు తమంతట తామే పలకరించడం పెరిగింది. 2020 లో కరోనా వచ్చాక చాలా చోట్ల ఇలాంటి శిక్షణ ఫోనులోకి మారింది.

ఫోనులో ఎలా జరుగుతుంది? బిడ్డ ఆడే తీరును తల్లి రెండు నిమిషాలు వీడియో తీస్తుంది. నోటు పుస్తకంలో రాసింది చదివి వినిపిస్తుంది. నిపుణురాలు విని ఒక్క పని చెబుతుంది. తల్లి దాన్ని స్నానం చేయించేటప్పుడో, అన్నం పెట్టేటప్పుడో చేస్తుంది. వచ్చే వారం మళ్లీ మాట్లాడుకుంటారు. బిడ్డ ఒంటి మీద బట్టలు లేనప్పుడు వీడియో తీయవద్దు. తీసిన వీడియో ఇతరులకు పంపవద్దు.

అన్నీ ఫోనులో కుదరవు. మొదటి పరీక్ష ఎదురుగా చేయించుకోవడమే మంచిది. నల్లమల గూడేల్లో సిగ్నలు అందకపోతే నోటు పుస్తకమే ఆధారం. నెలకొకసారి దాన్ని తీసుకుపోయి చూపించినా మేలే. పనులు పూర్తిగా పోకపోవచ్చు. తగ్గినా, బిడ్డకు దెబ్బలు తగలకపోయినా గెలుపే.

ఎవరిని అడగాలి?

ముందు అంగన్‌వాడీ టీచరును, ఆశా కార్యకర్తను అడగండి. పిల్లల ఆరోగ్య పరీక్షలకు 2013 నుంచి ప్రభుత్వ పథకం వుంది. ఊరి ఆరోగ్య కేంద్రం నుంచి ఈ-సంజీవని ద్వారా దూరాన వున్న డాక్టరుతో మాట్లాడవచ్చు. బడి ఈడు పిల్లల కోసం మండలాల్లో భవిత కేంద్రాలు వున్నాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా వుంది. సదరం శిబిరంలో పరీక్ష చేయించుకొని ధ్రువపత్రం తీసుకోవచ్చు.

తల్లికి మనసు కుంగిపోతే 14416 కు ఫోను చేయవచ్చు. డబ్బు కట్టనక్కర లేదు. తెలుగులో మాట్లాడతారు.

తల్లి ఒక్కతే ఈ బరువు మోయలేదు. తండ్రి కూడా ఒక పూట నోటు పుస్తకం రాయాలి. అత్తా ఆడబిడ్డా నిందలు మాని, ఒక గంట బిడ్డను ఆడించాలి.

ఆలోచించండి, చర్చించండి

1. మీ వాడలో ఇలాంటి బిడ్డ వుంటే ఇరుగుపొరుగు ఏమంటున్నారు?
2. ఆ తల్లికి మీరు ఏ సాయం చేయగలరు?
3. ఒక పిల్లవాడు ఏడ్చిన సంగతిని మూడు గళ్లలో రాయండి.