ఉద్యోగుల నిమగ్నత, పని సంస్కృతి: సంస్థలు ఎందుకు విఫలమవుతాయి?

ఉద్యోగి తన శక్తిని, ఆలోచనను, శ్రద్ధను మనస్ఫూర్తిగా పనిలో పెట్టడాన్ని 'ఉద్యోగి నిమగ్నత' అంటారు. ఈ భావనను 1990లో అమెరికన్ పరిశోధకుడు విలియం కాన్ వివరించారు. ఆయన ప్రకారం నిమగ్నతకు మూడు పరిస్థితులు అవసరం:

1. చేసే పనికి అర్థం ఉందని అనిపించడం.
2. ఉన్నమాట చెబితే తనకు నష్టం జరగదన్న భద్రత.
3. పనికి కావలసిన శారీరక, మానసిక శక్తి ఉండటం.

ఈ మూడూ చాలావరకు పని పరిస్థితులపై ఆధారపడతాయి. కాని అనేక సంస్థలు నిమగ్నతను ఉద్యోగి స్వభావంగా భావించి సర్వేలు, బహుమతులు, నినాదాలతో సరిపెడతాయి. ఈ అవగాహనలోని లోపాన్ని ఒక ఉదాహరణ ద్వారా పరిశీలిద్దాం.

ఉదాహరణ: నుమ్మీ కర్మాగారం

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ సంస్థకు కార్ల కర్మాగారం ఉండేది. గైర్హాజరు, కార్మిక వివాదాలు, నాసిరకం ఉత్పత్తి అక్కడ తీవ్ర సమస్యలు. 1982లో దానిని మూసివేశారు. 1984లో జనరల్ మోటార్స్, టయోటా సంస్థలు కలిసి 'నుమ్మీ' పేరుతో తిరిగి తెరిచాయి. కార్మికుల్లో ఎక్కువమంది పాతవారే; కార్మిక సంఘమూ పాతదే. అయినా గైర్హాజరు బాగా తగ్గింది, నాణ్యత పెరిగింది.

మరి మారింది ఏమిటి? పాత పద్ధతిలో లోపం కనిపించినా అసెంబ్లీ లైన్ ఆగకూడదు. కొత్త పద్ధతిలో లోపం గమనించిన కార్మికుడు తాడు లాగి సహాయం కోరవచ్చు. జట్టు నాయకుడు వచ్చి, తప్పు ఎవరిదని నిలదీయకుండా సమస్యను పరిష్కరించడానికి తోడ్పడతాడు. అప్పటికీ పరిష్కారం కాకపోతే లైన్ ఆగుతుంది. 1980ల చివర్లో అమ్మకాలు తగ్గినప్పుడు కూడా కార్మికులను తొలగించలేదు, శిక్షణకు పంపారు. అంటే కాన్ చెప్పిన భద్రత వారికి మాటల్లో కాక ఆచరణలో లభించింది.

ఇతర సంస్థలు దీనిని ఎందుకు అనుకరించలేకపోయాయి?

సంస్థ సంస్కృతికి మూడు స్థాయిలు ఉంటాయని ఎడ్గార్ షైన్ వివరించారు. అవి: కంటికి కనిపించే అంశాలు, సంస్థ ప్రకటించే విలువలు, అంతర్లీన విశ్వాసాలు. తాడు మొదటి స్థాయికి చెందినది. దానిని ఏ సంస్థ అయినా కొని బిగించవచ్చు. 'లైన్ ఆపితే మేనేజరుకు కోపం వస్తుంది' అన్న నమ్మకం మూడవ స్థాయిలో ఉంటుంది. అది మారనిదే తాడును ఎవరూ లాగరు.

కాబట్టి ఉద్యోగులు బద్ధకస్తులని నిర్ణయించే ముందు, లోపాన్ని ఎత్తిచూపిన ఉద్యోగికి ఆ సంస్థలో ఏమి జరుగుతుందో నిర్వాహకుడు తెలుసుకోవాలి.

అభ్యాసం: మీరు పనిచేసే లేదా మీకు తెలిసిన ఒక సంస్థలో పై మూడు స్థాయిలను గుర్తించి, పది వాక్యాలలో రాయండి.