సీమకోడి లేని క్రిస్మస్ విందు

నవంబరు నెలాఖరున ఒక ఆదివారం రాత్రి ఇంగ్లండు నుంచి మా మేనకోడలు ఫోను చేసింది. లీడ్స్ నగరంలో కాపురం. ఆలూమగలిద్దరికీ ఉద్యోగాలు, ఇద్దరు పిల్లలు. మామూలుగా అయితే యోగక్షేమాలు అడిగి, ఆవకాయ ఎప్పుడు పంపుతావని వాళ్ళ అత్తయ్యను సతాయించి పెట్టేస్తుంది. ఆ రాత్రి మాత్రం, "మామయ్యా! నీకు కనబడ్డ పుస్తకమల్లా చదివే అలవాటుంది గదా. క్రిస్మస్ నాడు టర్కీ కోడికి బదులు ఏం వండాలో చెప్పు" అన్నది.

కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకొనే వాణ్ణి అడగవలసిన ప్రశ్నేనా ఇది? "పోతన భాగవతంలో వెతికి చెబుతానులే" అనబోయాను. కాని ఆమె గొంతులో వేళాకోళం లేదు.

సంగతేమిటంటే, వాళ్ళ పక్కింట్లో ఒక ఇంగ్లీషు పెద్దావిడ వున్నది. ఎనభై దాటాయి. మా పిల్ల ఆ దేశంలో అడుగుపెట్టిన కొత్తలో మంచులో జారి పడకుండా ఎలా నడవాలో నేర్పింది ఆవిడే. పురిటి రోజుల్లో వంట చేసి తెచ్చి పెట్టింది ఆవిడే. మొన్న మార్చిలో ఆవిడ భర్త పోయారు. యాభై రెండేళ్ళ దాంపత్యం. పిల్లలు లేరు. "ఈ ఏడు నాకు క్రిస్మస్ లేదమ్మా. ఒక్కదాని కోసం అంత పొయ్యి ఎవరు వెలిగిస్తారు?" అన్నదట. మా పిల్ల వెనకాముందూ చూడకుండా "అయితే మా ఇంటికి రండి, నేను వండుతాను" అని పిలిచేసింది. పిలిచిన తరవాత భయం పట్టుకున్నది.

ఆ భయంలో అర్థం వున్నది. మన ఇళ్ళల్లో పెద్దదిక్కు పోయిన ఏడు వచ్చే మొదటి పండుగ ఎలా వుంటుందో తెలియనిదెవరికి? ఆ రోజున అతిథికి పెట్టే పదార్థం ఏమాత్రం తేడా వచ్చినా మనసు చివుక్కుమంటుంది. అచ్చంగా అలాగే వున్నా, పోయిన మనిషి గుర్తుకు వచ్చి ముద్ద దిగదు. ఆ ఇంట్లో ప్రతి ఏడూ సీమకోడిని బల్లమీద పెట్టి, కత్తి పట్టి ముక్కలు కోసి అందరికీ వడ్డించింది ఆయనే. ఇప్పుడు మా పిల్ల ఆ సీమకోడినే వండాలా? మానాలా? మానితే ఏం పెట్టాలి?

"రెండు రోజులు గడువియ్యి" అని ఫోను పెట్టి, పుస్తకాలు ముందేసుకొని కూర్చున్నాను. మా ఆవిడ నవ్వుకుంటూ పడుకోవటానికి వెళ్ళింది.

ఎవరి పక్షి, ఎవరి పేరు?

మనవాళ్ళకు ఓడల మీద వచ్చిన ప్రతిదీ సీమదే. సీమచింత, సీమవంకాయ వరసలోనే టర్కీ కోడి మనకు సీమకోడి అయింది. తీరా చూస్తే ఆ పక్షిది టర్కీ దేశమూ కాదు, ఇంగ్లండూ కాదు. పుట్టిల్లు అమెరికా. మెక్సికోలోని ప్రజలు ఏనాటి నుంచో పెంచుకొంటున్న ఆ పక్షిని స్పెయిన్‌వాళ్ళు 16వ శతాబ్దం మొదట్లో ఐరోపాకు తెచ్చారు. తూర్పు సరుకంతా తురుష్క వర్తకుల చేతిమీదుగా వచ్చే రోజులు గనుక ఇంగ్లీషువాళ్ళు దానికి ఆ దేశం పేరు తగిలించారు. తురుష్కులేమో దాన్ని "హిందీ" అన్నారు. ఫ్రెంచివాళ్ళు పిలిచే "దాంద్" అనే మాటకు ఇండియా పక్షి అని అర్థం. డచ్చివాళ్ళు ఇంకా ముందుకు పోయి మన కోళికోడు, అంటే కాలికట్ రేవు పేరు పెట్టి "కాల్కూన్" అన్నారు. అందరూ కలిసి మన నెత్తిన రుద్దిన ఆ పక్షి, నిజానికి మన దేశపు చక్రవర్తికే వింత వస్తువు. 1612లో గోవా నుంచి జహంగీరు కొలువుకు ఒక సీమకోడి వస్తే ఆయన ముచ్చటపడి తన స్మృతుల్లో దాన్ని వర్ణించి, ఆస్థాన చిత్రకారుడు మన్సూరు చేత బొమ్మ వేయించాడు. ఆ బొమ్మ నేటికీ లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో వున్నది.

పోనీ, ఇంగ్లండులో అది క్రిస్మస్‌కు ఎప్పటి నుంచో తప్పనిసరి అనుకుందామా? అదీ లేదు. ధనవంతుల బల్లమీద ఎద్దుమాంసం, అడవిపంది, పెద్దబాతు ఏలుతూ వుండగా ఇది మధ్యలో వచ్చి చేరింది. 18వ శతాబ్దంలో డేనియల్ డీఫో అనే రచయిత, రాబిన్‌సన్ క్రూసో రాసినాయనే, దేశసంచారం చేస్తూ సీమకోళ్ళ మందలను గురించి రాశాడు. తూర్పు జిల్లాల నుంచి లండనుదాకా వాటిని కాలినడకన తోలుకొచ్చేవారట. మందకు మూడువందల నుంచి వెయ్యిదాకా!

సామాన్యుడికి మాత్రం పండుగంటే పెద్దబాతే. అదైనా ఒక్కసారిగా కొనే స్తోమతు లేక, వారం వారం కొన్ని పెన్నీలు కట్టే "బాతు చీటీలు" నడిపేవారు. 1892లో అచ్చయిన ఒక షెర్లాక్ హోమ్స్ కథ అంతా అలాంటి చీటీబాతు చుట్టూనే తిరుగుతుంది. 1843లో డికెన్సు రాసిన "ఎ క్రిస్మస్ కెరోల్" చదివినవారికి క్రాచిట్ సంసారం గుర్తుండే వుంటుంది. వాళ్ళింట్లో పెద్ద పొయ్యి లేక బాతును రొట్టెల దుకాణంలో కాల్పించి తెచ్చుకున్నారు. కథ చివర మనసు మారిన పిసినారి స్క్రూజ్ వాళ్ళింటికి పంపింది సీమకోడి. అంటే ఆనాటికి అది కలవారి పక్షి అన్నమాట. ప్రతి ఇంటా అదే వుండాలన్న పట్టుదల రెండవ ప్రపంచయుద్ధం తరవాత, కోళ్ళ ఫారాలూ ఇంటింటా ఫ్రిజ్‌లూ వచ్చాక స్థిరపడింది.

ఇక్కడికి రాగానే నాకు సగం ధైర్యం వచ్చింది. సీమకోడి మొదట్లో బాతుకు బదులుగా వచ్చిందే. బదులుకు బదులు వెతకటంలో మహాపరాధమేమున్నది?

దేశదేశాల పళ్ళాలు

తక్కిన క్రైస్తవ దేశాలు ఏం తింటున్నాయో చూశాను. జర్మనీలో పండుగనాడు పెద్దబాతు. ముందురోజు రాత్రి చాలా ఇళ్ళల్లో బంగాళాదుంపల సాలడూ సాసేజీలూ, అంతే! పోలెండులోనూ చెక్ దేశంలోనూ 24వ తేదీ రాత్రి కార్ప్ అనే చేప. మన చెరువుల్లో బంగారుతీగ అంటామే, అదే. పూర్వం బతికిన చేపను తెచ్చి, పండుగదాకా స్నానాల తొట్టిలో వదిలేవారు. పిల్లలు దానికి పేరు పెట్టి మాలిమి చేసుకొంటే ఇక చూడాలి, పండుగపూట ఏడుపులు! దాని పొలుసొకటి పర్సులో దాచుకొంటే ఏడాదంతా డబ్బుకు లోటుండదని నమ్మకం. స్వీడనులో పందితొడ. జపానులో క్రైస్తవులు బహు కొద్దిమంది. అయినా 1974 నుంచి కెంటకీ ఫ్రైడ్ చికెన్ వారు సాగించిన ప్రచారం ధర్మమా అని అక్కడి కుటుంబాలు క్రిస్మస్‌కు వేపుడు కోడి తినటం ఆనవాయితీ చేసుకున్నాయి. ముందుగా ఆర్డరు పెట్టుకోకపోతే దొరకదట.

అన్నిటికంటె నన్ను ఆకట్టుకొన్నది ఐస్‌లాండు సంగతి. అక్కడ చాలా ఇళ్ళల్లో పండుగ వంట ర్యూపా అనే పక్షి. మన కౌజుకు దూరపు చుట్టం, చలికాలంలో తెల్లగా మారుతుంది. అంగట్లో కొనటం కాదు, కొండలెక్కి వేటాడి తెచ్చుకోవాలి. ఆ పక్షులు తగ్గిపోతున్నాయని 2003, 2004 సంవత్సరాల్లో ప్రభుత్వం వేటను నిషేధించింది. పండుగ ఆగిందా? ఆగలేదు. పొగబెట్టిన గొర్రెమాంసం వాళ్ళకు ఎలాగూ పాత అలవాటే.

అంతదూరం ఎందుకు? మా కాలేజీలో లెక్కలు చెప్పే మిత్రుడింట్లో పదిహేనేళ్ళుగా క్రిస్మస్ భోజనం చేస్తున్నాము. పలావు, కోడికూర, పెరుగుపచ్చడి, అరిసెలు, కేకు. సీమకోడి లేదన్న సంగతి ఆ ఇంట్లో ఎవరికీ స్ఫురించనైనా లేదు.

లెక్క వేసి చూస్తే

రెండోరోజు ఫోను చేసి, "అమ్మాయీ, తినేవాళ్ళు ఎందరు?" అని అడిగాను. మాంసం తినేవాళ్ళు నలుగురు. పిల్లలిద్దరూ, తనూ, ఆ పెద్దావిడా. మా అల్లుడు శాకాహారి. గోమాంసం, పందిమాంసం ఆ ఇంటికి రావు.

అయిదు కిలోల సీమకోడి ఎనిమిదీ పదిమందికి వస్తుంది. గడ్డకట్టినది కొంటే ఫ్రిజ్‌లో కిలోకు 10, 12 గంటల చొప్పున రెండు రోజులకు పైగా కరగాలి. ఆపైన పొయ్యిలో మూడు గంటల పైమాటే. తొడ వుడికేటప్పటికి రొమ్ము ఎండిపోతుంది. అనుభవం లేని చేతికి అది పరీక్షే.

పెద్దబాతు రుచే గాని, అయిదు కిలోలది తెస్తే సగం కొవ్వూ ఎముకలే. ఆరుగురికి కష్టంమీద సరిపోతుంది, ఖరీదూ జాస్తి. ఆ కొవ్వులో బంగాళాదుంపలు వేపితే అద్భుతమంటారు. అది విడిగా సీసాల్లోనూ దొరుకుతుంది. చిన్నబాతు ఇద్దరు ముగ్గురికే చాలుతుంది. గొర్రెతొడ మంచిదే, మనవాళ్ళ చేతికి అలవాటైనదే. కాని ఎనభై ఏళ్ళ పళ్ళు దానికి ఒప్పుకోవాలి గదా. మిగిలింది రెండు కిలోల మామూలు కోడి. ఓవెన్ 190 డిగ్రీల్లో వుంచి, కిలోకు ముప్పావుగంట చొప్పున, పైన ఇరవై నిమిషాలు. అంటే రెండు గంటలు కూడా పట్టదు. దించాక మరో ఇరవై నిమిషాలు ఆరనిస్తే రసం ముక్కలోనే నిలుస్తుంది. ఆ వ్యవధిలో ఓవెన్ దుంపలకు ఖాళీ అవుతుంది.

అల్లుడికి నట్ రోస్టు. జీడిపప్పు, పుట్టగొడుగులు, ఉల్లిపాయ, రొట్టెపొడి కలిపి అచ్చులో కాల్చేది. ఇంగ్లండులో శాకాహార సంఘం 1847లోనే వెలసింది గనుక అక్కడ అదేమీ వింతగాదు. "గరిటె మాత్రం వేరు పెట్టుకో" అని మా ఆవిడ పక్కనుంచి అరిచింది.

"కోడేనా మామయ్యా? వారానికి రెండుసార్లు తినేదే గదా! పండుగకు పిలిచి కోడి పెట్టానని ఆవిడ చిన్నబుచ్చుకోదూ?" అన్నది మా పిల్ల.

నా దగ్గర దానికి జవాబు లేదు. "నన్నడిగే బదులు ఆవిడనే అడగరాదుటే?" అన్నాను. రెండు రోజులు పుస్తకాలు తిరగేసి నేను చెప్పగలిగిన మంచిమాట అదొక్కటే.

అడిగితే తెలిసింది

మర్నాడు మా పిల్ల వెళ్ళి అడిగింది. ఆవిడ కాసేపు మాట్లాడలేదట. తరవాత చెప్పింది. యుద్ధకాలపు మాంసం రేషను 1954 జులైలో గాని పూర్తిగా పోలేదు. అప్పటికి ఆవిడకు పదేళ్ళు. వాళ్ళింట్లో క్రిస్మస్ అంటే కోడి. ఏడాదికి ఒక్కసారి! చవక కోడి ఇంటింటికీ వచ్చింది ఆ తరవాత ఫారాలు పెరిగాకనే. పెరట్లో పెంచిన కోడిని తల్లి కాల్చి, అయిదుగురు పిల్లలకు పంచి, తాను మెడ దగ్గరి ముక్క తీసుకొనేదట. సీమకోడి ఆవిడకు అత్తవారింటి ఆచారం. "ఆయనకిష్టమని యాభై ఏళ్ళు వండాను. ఈసారి మా అమ్మ వండిన కోడి తినాలని వున్నది" అన్నది.

ఆవిడ కోరినవి వేరే వున్నాయి. సేజ్ ఆకూ ఉల్లిపాయా కూరిన స్టఫింగు, కరకరలాడే దుంపలు, చిట్టి క్యాబేజీలు, వేడివేడి గ్రేవీ, చివరకు పుడ్డింగు. బల్లమీద లాగి పేల్చే క్రాకర్లు, వాటిలోంచి వచ్చే కాగితం టోపీలు. పక్షి ఏదైనా ఫరవాలేదుగాని అవి లేనిదే ఆవిడకు పండుగ కాదు. మనకూ అంతే గదా. సంక్రాంతికి కూర ఏదైనా సర్దుకుంటాము. అరిసె లేదంటే మాత్రం ఊరుకోము.

పండుగ రాత్రి మళ్ళీ ఫోను వచ్చింది. కోడి బాగానే కాలిందట. దుంపలు ఒక మూల మాడాయట. స్టఫింగు వేరే పళ్ళెంలో చేయటంవల్ల మా అల్లుడికీ దక్కింది. ఇంతకూ ముక్కలు కోసిందెవరు? కత్తి తెచ్చి బల్లమీద పెట్టి, ఎవరు పట్టుకోవాలో తెలియక ఆలూమగలు ముఖాలు చూసుకుంటూ వుంటే, ఆవిడ లేచి, "ఇన్నేళ్ళుగా ఆయన కోస్తుంటే చూస్తూనే వున్నాను, ఇటివ్వండి" అని కత్తి తీసుకొన్నదట. మొదట చెయ్యి కొంచెం వణికింది. పిల్లలకు తొడలు వేసింది, మా పిల్లకు రొమ్ముముక్క వేసింది. మెడ దగ్గరి ముక్క తాను పెట్టుకోబోతే మా చిన్నది, "మామ్మా, అది నాకు" అని లాక్కున్నదట.

"ఏడ్చిందా?" అన్నది మా ఆవిడ.

"పుడ్డింగు దగ్గర కాస్త ఏడ్చింది అత్తయ్యా. తరవాత రెండోసారి వడ్డించుకుంది."

వచ్చే ఏడు విందు ఆవిడింట్లోనట. కోడి ఆవిడదే పూచీ. మా పిల్లను మాత్రం చేతులూపుకుంటూ రావద్దన్నది. మా అల్లుడి కోసం ఆనాడు చేసిన నిమ్మకాయ పులిహోర ఆవిడకు నచ్చిందట. అదొక గిన్నెడు తెమ్మన్నది.