ఎవరి మాట మీద నూలు

తిరుప్పూరులో ఒక బనియను తయారవ్వాలంటే ఏడెనిమిది గుమ్మాలు దాటాలి. నూలు వ్యాపారి దగ్గర్నుంచి నిట్టింగుకి, అక్కణ్నుంచి బ్లీచింగుకో డైయింగుకో, ఆ తరవాత కటింగు, కుట్టు, చెకింగు, ఇస్త్రీ, ప్యాకింగు. పెద్ద ఎగుమతి కంపెనీలు కొన్ని అన్నిటినీ ఒకే ఆవరణలోకి తెచ్చుకున్నాయి గాని, ఊళ్లో చాలా పని ఇప్పటికీ జాబ్‌వర్కు మీదే నడుస్తుంది. పనికొక షెడ్డు, షెడ్డుకొక యజమాని. సరుకు ముందు పోతుంది, డబ్బు నెలా రెణ్నెల్లకి వస్తుంది. ఆ మధ్యలో అప్పు పుట్టినవాడు నిలబడతాడు, పుట్టనివాడు మిషన్లు అమ్ముకుంటాడు. ఇక్కడ అప్పు ఎవరికి పుట్టాలో తేల్చేది కులం, చుట్టరికం, ఆ తరవాత ఆడా మగా.

నేను ఓవర్‌లాక్, ఫ్లాట్‌లాక్ మిషన్లతో ఒక చిన్న కుట్టు యూనిట్ నడుపుతున్నాను. మాది దేవాంగుల కుటుంబం. కోయంబత్తూరు, తిరుప్పూరు ఉన్న ఈ కొంగునాట దేవాంగుల్లో ఎక్కువమంది ఇంటిమాట కన్నడం, మాది తెలుగు. దేవలమహర్షి విష్ణువు నాభికమలం తూళ్ల నుంచి దారం తీసి దేవతలకి బట్ట నేశాడనీ, రాక్షసులు మీద పడితే చౌడేశ్వరీదేవి వచ్చి కాపాడిందనీ మా కులంలో చెప్పుకునే కథ. విజయదశమికి కోయంబత్తూరు వీధుల్లో మగవాళ్లు కత్తులతో తమ చేతుల మీదా ఛాతీ మీదా కొట్టుకుంటూ ఆ తల్లిని ఊరేగిస్తారు. కాపాడింది ఆడదేవత. ఇంట్లో మాత్రం మగ్గం మీద కూర్చునేది మగవాడు, కండెలు చుట్టేది అమ్మ, అమ్మమ్మ, పిల్లలం. కూలి మగ్గానికి వచ్చేది, కండెకి వేరే లెక్క ఉండేది కాదు. మగ్గాలు పోయి బనియన్ మిషన్లు వచ్చాక కూడా లెక్క ఆ తీరుగానే ఉంది.

ఈ ఊరి మీద పరిశోధన చేసిన షరద్ చారి అనే ఆయన 2004లో ‘ఫ్రటర్నల్ క్యాపిటల్’ అని పుస్తకం రాశారు. బావుల కింద వ్యవసాయం చేసుకునే గౌండర్లు బనియన్ కంపెనీల్లో కూలికి చేరి, పని నేర్చుకుని, అన్నదమ్ములతోనో కులంవాళ్లతోనో భాగస్వామ్యాలు పెట్టి ఎలా యజమానులయ్యారో అందులో ఉంది. ఇదంతా ఎలా సాధించారని అడిగితే, మా కష్టం అని వాళ్లు చెప్పారట. నిజమే, వాళ్లు పడ్డ కష్టం ఈ ఊరికి తెలుసు. 1970ల చివర్లో ఇటలీ నుంచి కొనుగోలుదారులు వచ్చినప్పుడు ఇన్ని లక్షల పీసులు కుట్టి ఇవ్వగలిగింది ఆ కష్టమే. అయితే ఆ భాగస్వామ్య పత్రాల్లో సంతకాలు అన్నదమ్ములవి, బావమరుదులవి. మొదటి నాలుగు మిషన్లకి కుదువబెట్టిన గొలుసు ఎవరి మెడలోదో ఏ పత్రంలోనూ ఉండదు. మా వీధిలో సగం కంపెనీలకి అలాంటి గొలుసు ఒకటి ఉంది. బోర్డు మీద కూతురి పేరో లక్ష్మీదేవి పేరో ఉంటుంది. పన్ను కోసమో లోను కోసమో కంపెనీని భార్య పేరున పెట్టి, చెక్కుబుక్కు మొత్తం మీద ఆవిడచేత ముందే సంతకాలు పెట్టించుకునేవాళ్లూ ఉన్నారు.

కోయంబత్తూరు తెలుగువాళ్లలో పి.ఎస్. గోవిందస్వామి నాయుడు కుటుంబం గురించి అందరికీ తెలుసు. 1926లో ఆయన నలుగురు కొడుకులు ఆస్తిని అయిదు వాటాలు వేసి, నలుగురూ నాలుగు తీసుకుని, అయిదోది ధర్మానికి రాశారు. పి.ఎస్.జి. విద్యాసంస్థలు, ఆస్పత్రి ఆ వాటాలోంచి పెరిగినవే. దేవుడికీ చదువుకీ వాటా పెట్టడం అంత గొప్పగా తెలిసిన కాలంలో కూడా, కూతురికి పుట్టుకతో వాటా అన్నది చట్టంలో లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వం 1985 నుంచి ఆ హక్కు ఇచ్చింది. తమిళనాడులో అది 1989లో వచ్చింది, అదీ అప్పటికి పెళ్లికాని కూతుళ్లకే. మా పిన్నికి అప్పటికే పెళ్లయిపోయింది. బ్యాంకు తాకట్టుకి భూమి పత్రం అడిగినప్పుడల్లా ఆవిడ ఆ మాట గుర్తు చేసుకునేది.

ఈ యూనిట్ పెట్టింది పిన్నే. బాబాయి పోయాక, మిగిలిన మిషన్లు అమ్మేయమని అందరూ చెబితే వినలేదు. ఏటా ఆయుధపూజకి మిషన్లు తుడిచి, నూనె వేసి, గంధం కుంకుమ అద్దేది తనే. హారతి వేళకి మాత్రం ఇస్త్రీ బల్ల దగ్గరికి వెళ్లి నిలబడేది. కాంట్రాక్టరు భార్య హారతి ఇచ్చేది. కొత్త ఆర్డరు మొదలుపెట్టినా అంతే, ఎవరో ముత్తయిదువ వచ్చి స్విచ్చి వెయ్యాలి. నేను బాధ్యత తీసుకున్నాక హారతిపళ్లెం పిన్ని చేతికే ఇచ్చాను. ఇద్దరు కటింగు మాస్టర్లు పూజ అయ్యేదాకా గేటు బయట నిలబడ్డారు. మర్నాడు పనిలోకి వచ్చారు. అప్పుడు చేతిలో ఉన్న ఆర్డరు కూడా సరిగ్గానే వెళ్లింది. నమ్మకాలన్నీ మమ్మల్ని తొక్కేవే అనను. శుక్రవారం లక్ష్మి ఇల్లు దాటకూడదంటారు కాబట్టి మా వీధిలో ఆ రోజు ఎవరూ బాకీ అడగరు. శనివారం కూలి డబ్బులు సర్దుకోవాల్సిన నాలాంటి వాళ్లకి అది ఊపిరి తీసుకునే రోజు.

జాబ్‌వర్కు దాటి సొంత సరుకు చేద్దామని, విజయవాడ టోకు వ్యాపారి ఒకరి దగ్గర పిల్లల బనియన్ల ఆర్డరు తీసుకున్నాను. నూలుకి నెల గడువు అడిగితే ఇక్కడి నూలు వ్యాపారి మర్యాదగానే మాట్లాడాడు. “మీమీద నమ్మకం లేక కాదమ్మా, ఇంట్లో మగవాళ్లని ఒక మాట చెప్పమనండి” అన్నాడు. ఈ పని గురించి ఏమీ తెలియని మా మరిది ఫోన్ చేశాడు. సాయంత్రానికి నూలు బస్తాలు దిగాయి. లెక్కలు చూసేది నేను, మాట చెల్లేది అతనిది. ఆ నూలు బాకీ గడువుకన్నా ముందే తీర్చాను. తరవాతి ఆర్డరుకి కూడా అదే ఫోను కావాలన్నారు. ఇప్పుడు రొక్కం పెట్టి తక్కువ నూలు కొంటున్నాను, ఆర్డర్లూ తక్కువే తీసుకుంటున్నాను.

షెడ్డు లోపలా ఇదే వరస. కటింగు, ఇస్త్రీ మగవాళ్లవి. చెకింగు, దారపు పోగులు కత్తిరించడం ఆడవాళ్లవి, వాటికే కూలి తక్కువ. పొద్దున ఎనిమిదిన్నర నుంచి రాత్రి ఎనిమిదిన్నర దాకా ఉంటే ఒకటిన్నర షిఫ్టు. ఇంటి వంట చేసి వచ్చే మనిషికి ఆ ఒకటిన్నర ఎంత బరువో నాకు తెలుసు, అందుకే మా దగ్గర ఒక షిఫ్టు చేసి వెళ్లిపోయేవాళ్లకీ పని ఉంటుంది.

మా చెకింగు బల్ల దగ్గర పనిచేసే ఒకావిడ ఇంట్లోనూ తెలుగే. వాళ్లు అరుంధతీయులు. కొంగునాట చేలల్లో, తోలుపనిలో, పారిశుధ్యంలో తరతరాలుగా వాళ్లచేతే చాకిరీ చేయించుకున్నారు. ఇద్దరం ఒకే భాష మాట్లాడతాం, కాని నాకు మరిది ఫోన్ అయినా ఉంది, ఆమెకి అదీ లేదు. పూచీకత్తు లేని ముద్ర రుణం యాభై వేలు తెచ్చుకుని రెండు పాత ఓవర్‌లాక్ మిషన్లు కొంది. షెడ్డు అద్దెకి అడిగిన ప్రతిచోటా “ఏ ఊరు, ఊళ్లో ఏ పక్క?” అని అడిగారు. కులం అడిగే పద్ధతి ఇక్కడ అది. జవాబు విన్నాక అందరికీ చుట్టాలు వస్తున్నారు, షెడ్డు ఖాళీ లేదు. షెడ్డు దొరికేదాకా ఆ రెండు మిషన్లు మా వెనక గదిలో నడుస్తున్నాయి, ఆమె పేరున ఉన్న బిల్లుబుక్కుతో. అందులో మొదటి బిల్లు నామీదే రాసింది.